ఇంటి పద్దు
(శాంతిపురమున పఠనాలయ సభయందు చేసిన ఉపన్యాసము)



ఇంటి ఖర్చు తగ్గించుకొను మార్గములను గూర్చి నాలుగు మాటలు చెప్పుమని మీరు మమ్ము కోరితిరి. విషయము చిన్నదని కొందరు తలపవచ్చును. దేశపు ఆదాయవ్యయములను గూర్చి పత్రికలు ఏటేట పుటలకొలది వ్రాయును. ఇంటి ఆదాయవ్యయముల ఊసెత్తువారు అరుదు. కాని ఇంటి పద్దు చెడిన పిమ్మట దేశపు పద్దు ఒక్కటి బాగుండి ఏమి ప్రయోజనము? అప్పులపాలైన గృహస్థుడు పంట అమ్మునపుడు స్వతంత్రుడు కాడు. బిడ్డకు పెండ్లి చేయునపుడు కాడు. తుదకు ఓటు వేయునపుడును కాడు. కావున ఇది స్వాతంత్ర్యమునకు సంబంధించిన విషయమే యని మా అభిప్రాయము.

మొదట మనము చేయుచున్న పొరపాటును చెప్పెదము. ఖర్చు తగ్గింపవలె నన్నంతనే మన చూపు వంటయింటి మీదికి పోవును. పాలలో నీళ్లు, పప్పులో నీళ్లు! అందరును భుజించిన పిమ్మట మిగిలినదానితో సరిపెట్టుకొను ఇల్లాలి విస్తరి మొదట పలుచనగును. ఆ వెనుక ఆడపిల్ల చదువు ఆగును. ఇది పొదుపు కాదు. బలహీనుల నోటి ముద్ద తీసి బలవంతుల అలవాట్లను పోషించుట.

లెక్కలు చూడుడు. 2023-24లో కేంద్ర ప్రభుత్వమువారు జరిపిన గృహవినియోగ సర్వే ననుసరించి, దేశమున గ్రామములలో మనిషికి సగటున నెలకు 4,122 రూపాయలు, పట్టణములలో 6,996 రూపాయలు వ్యయమైనవి. గ్రామములలో అందు నూటికి 47 వంతులు ఆహారమునకు పోయినవి. అయితే బియ్యము, గోధుమ మొదలగు ధాన్యములకైనది నూటికి ఇంచుమించు ఐదు వంతులే. పానీయములకును, అంగడిలో సిద్ధముగా దొరకు తినుబండారములకును అయినది దానికి దాదాపు రెట్టింపు. చౌకడిపో బియ్యమువలన ధాన్యపు ఖర్చు తగ్గిన మాట నిజమే. అయినను కుండలోని బియ్యమును పిడికిలితో కొలుచు మనము, కొట్టులో తెంచు పొట్లములను లెక్కింపకున్నాము. దినమునకు ఇరువది రూపాయలు ఏడాదికి 7,300 రూపాయలగును. రాగిసంగటి తినిపెరిగిన సీమ మనది. నూరు గ్రాముల రాగులలో మూడువందల మిల్లీగ్రాములకు మించి కాల్షియము గలదు. బియ్యమున అందు పదియవ వంతైనను లేదు. అట్టి తిండిని బీదతనపు గురుతుగా నెంచి, రంగు పొట్లములను నాగరికతగా నెంచుట ఎక్కడి వివేకము?

ఇక మన ప్రాంతపు చిక్కునకు వత్తము. ఉద్యోగికి నెల తిరుగునప్పటికి జీతము చేతికందును. శాంతిపురము, కుప్పము, పుంగనూరు, మదనపల్లె వైపు రైతునకు అట్టి నిలుకడ ఎక్కడిది? పాలసొమ్ము కొంచెము కొంచెముగా వచ్చును. పట్టుగూళ్ల సొమ్ము పంట దిగినపుడు వచ్చును. టమాటాసొమ్ము వచ్చినపుడు వచ్చును. 2023 జూలైలో మదనపల్లె మార్కెట్టునందు మేలిరకము టమాటా కిలో నూరు రూపాయలు దాటెను. కోతకూలి గిట్టక అదే కాయను తోటలో వదలిన ఏండ్లును, రోడ్డు ప్రక్కన పారబోసిన ఏండ్లును మీరెరుగనివి కావు. ధర పలికిన ఏట ఖర్చు పెంచుట, ధర పడిన ఏట ఆ ఖర్చు నిలుపుటకై అప్పు పెంచుట: మన ఇండ్లు కూలుచున్న మార్గమిదియే.

కావున మా మొదటి సూచన యిది. దాణాఖర్చు పోగా మిగిలిన పాలసొమ్ముతో ఇల్లు నడపుడు. టమాటాసొమ్మును ఇంటి ఆదాయములో చేర్పకుడు. అది వచ్చిననాడు మూడు పాళ్లు చేసి, ఒకటి అప్పునకు, ఒకటి రాబోవు సాగుబడికి, ఒకటి చెడుకాలమునకు కేటాయింపుడు. పాలసొమ్మున కిమిడిన సంసారమే మన నిజమైన సంసారము, తక్కినది అతిథి.

రెండవది వడ్డీ. ఏబదివేల రూపాయలు నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చినవాడు నెలకు 1,500 రూపాయలు చెల్లించును. అదే మొత్తము సంఘమునుండియో, బ్యాంకునుండియో నూటికి రూపాయి వంతున దొరకినచో చెల్లించునది 500. నెలకు వేయి రూపాయల తేడా! వంటయింటిలో ఎంత బిగించినను ఈ వేయి రాదు. అరువది వాట్ల పాత బల్బు దినమునకు ఐదు గంటలు వెలిగిన నెలకు తొమ్మిది యూనిట్లు కాలును. తొమ్మిది వాట్ల ఎల్.ఇ.డి. బల్బునకు ఒకటిన్నర యూనిటైనను కాదు. ఆ పొదుపు మంచిదే. కాని దీపమార్పి వడ్డీని వెలిగించి యుంచువానికి చీకటి తప్పదు. సులభముగా దొరికిన అప్పెల్ల మేలు కాదనియు మరువరాదు. సూక్ష్మఋణముల వసూళ్ల ఒత్తిడి మితిమీరగా 2010 అక్టోబరులో మన ప్రభుత్వమే ఆర్డినెన్సు తేవలసివచ్చెను.

మూడవది లెక్కపుస్తకము. గాంధీమహాత్ముడు లండనులో చదువుకొను దినములలో ప్రతి కాసునకును పద్దు వ్రాసి, రాత్రి పండుకొనబోవుటకు ముందు నిలువ సరిచూచుకొనెడివారు. ఆ లెక్కను చూచిన పిమ్మటనే ఖర్చును సగమునకు తగ్గింప నిశ్చయించి, రెండు గదులు విడిచి ఒక గదికి మారిరి. బండి మాని నడిచిరి. తరువాతి కాలమున ప్రజల సొమ్ము లక్షలకొలది వారి చేతుల మీదుగా నడచినను అప్పు పడకుండుటకు ఆ అలవాటే కారణమని వారే చెప్పుకొనిరి. మన ఇంటను ఒక పుస్తకము పెట్టుడు. అయితే దానిని ఇల్లాలి ఖర్చును తనిఖీ చేయుటకు పెట్టకుడు. యజమాని జేబుఖర్చు మొదటి పుటలో నుండవలెను.

ఈ మాటకు మన రాష్ట్రమే సాక్ష్యము. నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరములు నేర్చుకొనుచున్న స్త్రీలు రోశమ్మ మొదలగువారు ముందు నిలువగా, 1992 ప్రాంతమున సారాపై తిరుగబడిరి. ఇంటి ఖర్చు ఎక్కడ తెగవలెనో వారికి ఎవరును ఉపన్యసింపలేదు. 1993 అక్టోబరు 1వ తేదీనుండి సారా నిషేధింపబడెను. ఆ జిల్లాలోనే దినమున కొక రూపాయి దాచు పొదుపులక్ష్మి ఉద్యమము తలయెత్తెను. పురుషుని అలవాటు ఆగినచోటనే స్త్రీ పొదుపు మొలచినదని గ్రహింపుడు.

పెండ్లిండ్లను గూర్చి ఒక్క మాట. కట్నము 1961నాటి చట్టముచే నేరమైనను, ఇచ్చువారును పుచ్చుకొనువారును తగ్గలేదు. ఊరి మెప్పునకై ఒక్కనాటి భోజనమునకు పదేండ్ల వడ్డీ కట్టుట ఏ శాస్త్రమున గలదు? ఊరి పెద్దలు నలుగురు తమ ఇండ్లనుండి ప్రారంభించిన, పేదవానికి చిన్న పెండ్లి చేయు ధైర్యము వచ్చును.

తుదకు ఒక నిజమును దాచరాదు. దినకూలితో పొట్ట గడుపుకొనువానికి, తగ్గించుకొనుటకు ఏమియు లేదు. తెల్లవారకముందే కుప్పములో రైలెక్కి బెంగళూరునకు పనికై పోవు యువకునకు పొదుపు బోధించుట ఆకలిగొన్నవానికి ఉపవాసమహిమ చెప్పుటయే. వానికి కావలసినది సరియైన కూలి, ఊరిలో పని, రోగమునకు వైద్యము. వానిని గూర్చిన బాధ్యత ప్రభుత్వముదియు, మనదియు. మా మాటలు ఎంతో కొంత మిగులగలిగియు మిగుల్చుకొనలేకున్న మనవంటివారికే.

ఈ రాత్రి ఇంటికి పోయి దీపము క్రింద ఆలుమగలిద్దరును కూర్చుండి, గడచిన నెల ఖర్చును జ్ఞాపకమున్నంతవరకు వ్రాయుడు. ఎవరి ఖర్చు ఎవరు దాచుచున్నారో, ఎవరి ముద్ద ఎవరు తినుచున్నారో ఆ కాగితమే చెప్పును. పిదప మా ఉపన్యాసముతో మీకు పనిలేదు.