జబ్బుపడితే కూలి ఎవరిస్తారు?

బ్రిటన్‌లో చదువుకున్న రోజుల్లో పరదేశినైన నన్ను ఏ డాక్టరూ జీతమెంతని అడగలేదు. 1948లో మొదలైన ఆ వైద్యం ప్రధానంగా పన్నుల డబ్బుతో నడుస్తుంది. (2015 నుంచి వలస వచ్చినవాళ్ల దగ్గర విడిగా రుసుం గుంజుతున్నారు, అది వేరే అన్యాయం.)

మన ఇ.ఎస్.ఐ. చట్టం కూడా 1948లో వచ్చిందే. గడ్డపోతారం మందుల ఫ్యాక్టరీల్లో కాంట్రాక్టు పనికి వచ్చిన ఒడియా స్త్రీకి అదే ఎక్కువ అవసరమంటాను. సర్కారు దవాఖానాలో వైద్యం ఉచితమే, పోయిన కూలి మాటేమిటి? అందుకే చీకటిపడ్డాక ప్రైవేటు క్లినిక్కు, అప్పు. ఇ.ఎస్.ఐ. ఉంటే జబ్బు రోజులకు 70 శాతం వేతనం, ఏడాదికి 91 రోజుల దాకా. కాన్పుకి 26 వారాల పూర్తి వేతనం. అయితే కూలిలోంచి 0.75 శాతం, యజమాని నుంచి 3.25 శాతం చందా జమకావాలి. పేరే నమోదు కాకపోతే? కాంట్రాక్టరును చూపించి ఫ్యాక్టరీ తప్పుకోజాలదు, ఆ చందా కట్టే బాధ్యత మొదట దానిదే.