ఏటికి ఎదురు, పాపికొండల దాకా

గండిపోచమ్మ గుడి దగ్గర లాంచీ ఎక్కితే గోదావరి మీద ఏటికి ఎదురుగా పాపికొండలు దాటి పేరంటాలపల్లి దాకా వెళ్లొచ్చు. లాంచీ నిదానంగా సాగుతుంది. సాగనివ్వండి. తొందరపడితే కొండల మీది అడవి కంటికి ఆనదు. కొండలు దగ్గరపడేకొద్దీ నది సన్నబడుతుంది, లోతు పెరుగుతుంది.

పూర్వం గోదావరి మీద తెరచాప పడవలు తిరిగేవి. గాలి వెనకనుంచి వీస్తే హాయే. గాలి పడిపోతే? గడ వేసి తోసేవారు. లేదంటే ఒడ్డున నడుస్తూ తాడుతో లాగేవారు. ఎంత చాకిరీ!

ఒక్క మాట మాత్రం గట్టిగా చెబుతాను. వరద రోజుల్లో ఈ ప్రయాణం వద్దు. 2019 సెప్టెంబరులో ఈ దారిలోనే కచ్చులూరు దగ్గర పడవ మునిగింది వరదలోనే. చలికాలంలో వెళ్లండి. ఎక్కగానే లైఫ్ జాకెట్ వేసుకోండి. దిగేదాకా తీయకండి.