బాపు తొట్టిబండి

(సూరత్‌లోని మన బ్యాంకు తెలుగు ఉద్యోగుల కుటుంబ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను మాట్లాడమన్నప్పుడు మొండిబకాయిల వసూలు మీద అనుకున్నాను. కాదు, ఇంటి ముచ్చట ఏదైనా చెప్పమన్నారు. నేను చెప్పబోయేది కూడా ఒకరకంగా మొండిబకాయి కథే. తొంభై రోజులు కిస్తీ రాకపోతే ఖాతాను నిరర్థక ఆస్తి అంటాం కదా. నా దగ్గర ఒక ఆస్తి ఆరేళ్లు నిరర్థకంగా పడి ఉంది. పైగా ప్రతి ఆదివారం ఫోనులో అది సక్రమంగా నడుస్తోందని రిపోర్టు ఇస్తూ వచ్చాను. తప్పుడు రిపోర్టు.

ఆ ఆస్తి ఒక బుల్లెట్. ఎన్‌ఫీల్డ్ ఇండియా వాళ్లు మద్రాసులో తయారు చేసిన 350, 1972 మోడల్. ఎడమ పక్కన సైడ్‌కార్ ఉంటుంది. మా ఇంట్లో దాన్ని తొట్టిబండి అనేవాళ్లం, హన్మకొండ వీధిలో పిల్లలు షోలే బండి అనేవాళ్లు. మా బాపు మన బ్యాంకులోనే హెడ్ క్యాషియర్‌గా రిటైరయ్యారు. 1984లో స్టాఫ్ లోన్ తీసుకుని దాన్ని సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు. షోకు కోసం కాదు. మా చెల్లెకు రెండేళ్ల వయసులో పోలియో వచ్చింది. రెండు కాళ్లకూ ఇనుప కాలిపర్లు. రిక్షా ఎక్కడం కష్టం, సైకిల్ మీద కూర్చోబెట్టలేం. బడికి పోవాలంటే తొట్టి ఒక్కటే దారి. పదో తరగతి వరకు అందులోనే పోయింది, వచ్చింది. కాలిపర్లు ముందుకు చాపి, పలక ఒళ్లో పెట్టుకుని రాణిలా కూర్చునేది. నేను వెనక సీటు మీద.

పిల్లల కోసం ఒక మాట చెప్పాలి. సైడ్‌కార్ బండి మామూలు బైకులా నడవదు. ఎక్సలరేటర్ తిప్పితే బండి ఎడమకు, తొట్టి వైపుకు లాగుతుంది. బ్రేకు వేస్తే తొట్టి బరువు ముందుకు తోసుకొచ్చి బండి కుడికి మళ్లుతుంది. ఎడమ మలుపు వేగంగా తిప్పితే తొట్టి చక్రం నేల మీద నుంచి లేస్తుంది. అందుకే చెల్లె లేని రోజు బాపు తొట్టిలో ఇసుక బస్తా వేసుకునేవారు. బస్తా దొరక్కపోతే నన్ను కూర్చోబెట్టేవారు. నేను ఇంట్లో బస్తాకు బదులని చెల్లె ఇప్పటికీ అంటుంది.

ఆరేళ్ల కింద నాకు సూరత్ ట్రాన్స్‌ఫర్ అయింది. బాపుకు అప్పటికే కిక్కు కొట్టే సత్తువ లేదు. "నువ్వు తీసుకపో. వారానికోసారన్నా నడుపు. నిలబెడితే చచ్చిపోతది" అన్నారు. తొట్టి విప్పి, ట్యాంకులో పెట్రోలు ఖాళీ చేసి, గోనెసంచులు చుట్టి, వరంగల్ స్టేషన్లో నవజీవన్ ఎక్స్‌ప్రెస్‌కు పార్సిల్ వేశాం. సూరత్‌లో దించుకున్నాక నాలుగు నెలలు బుద్ధిగా నడిపాను. తర్వాత కరోనా వచ్చింది. తర్వాత ఇచ్ఛాపూర్‌లో ఇల్లు తీసుకున్నాం. తర్వాత పనులు. ఈ 'తర్వాత'లన్నీ సాకులే అనుకోండి. బండి గోడ పక్కన టార్పాలిన్ కింద ఉండిపోయింది. ఇచ్ఛాపూర్ సంగతి మీకు తెలుసు. ఒక పక్క హజీరా ఫ్యాక్టరీల రోడ్డు, ఇంకో పక్క తాపీ, ఆ పైన సముద్రం. ఆ ఉప్పుగాలి తగిలితే కిటికీ గడియలే రెండేళ్లు ఆగవు.

ప్రతి ఆదివారం బాపు ఫోను. మొదటి ప్రశ్న "తిన్నవా?" రెండోది "బండి తీసినవా?" తీశాను బాపూ. మొదటిసారి చెప్పినప్పుడు గొంతు తడబడింది. ఇరవయ్యోసారికి అలవాటైపోయింది.

పోయిన నవంబరు చివర్లో చెల్లె ఫోను చేసింది. "అన్నా, బాపు ఈసారి సంక్రాంతికి మీ ఇంటికి వస్తనంటుండు. నన్ను తొట్టిలో కూర్చోబెట్టి తిప్పుతడట. బండి ఉన్నదా, ఉన్నట్టు చెప్తున్నవా?" నేను మాట్లాడలేదు. "ఆ, తెలిసింది" అని పెట్టేసింది.

టార్పాలిన్ తీసి చూస్తే మూడు టైర్లూ నేలకు అతుక్కుని ఉన్నాయి. తొట్టి సీటులోని కొబ్బరిపీచును ఎలుకలు మేడ కట్టుకున్నాయి. తొట్టి అడుగు రేకులో రెండు చోట్ల వేలు దూరేంత తూట్లు. ట్యాంకు మూత తీస్తే పెట్రోలు వాసన లేదు, పాత వార్నిష్ కంపు. కిక్కు మీద కాలు వేశాను. రాయి మీద వేసినట్టుంది. పక్కింటి పటేల్ కుటుంబంలోని కుర్రాడు వచ్చి "అంకుల్, యే ఛకడో హై?" అన్నాడు. సౌరాష్ట్ర పల్లెల్లో బుల్లెట్ ముందు భాగానికి వెనక రెండు చక్రాల ట్రాలీ కట్టి పదిహేను మందిని ఎక్కించుకునే బండి చూశారు కదా, అదే ఛకడో. మూడు చక్రాలు కనబడితే ఇక్కడ పిల్లలకు అదే గుర్తొస్తుంది.

మొదట ఒక గ్యారేజీకి చూపించాను. పేరు ఎందుకు గానీ, అతను చుట్టూ ఒకసారి తిరిగి, కిలోల లెక్కన కొంటానన్నాడు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

అప్పుడు గుర్తొచ్చిన మనిషి లింబాయత్‌లో ఉండే ఒక కాక. లింబాయత్, ఉధనా వైపు మన పద్మశాలి కుటుంబాలు ఎంతమంది ఉన్నారో ఇక్కడ చాలామందికి తెలుసు. ఈ కాక సిరిసిల్ల నుంచి చిన్నప్పుడే వచ్చి నలభై ఏళ్లు పవర్‌లూములు బాగుచేశాడు. నేను ఉధనాలో ఉన్నప్పుడు పాస్‌బుక్కు పట్టుకుని వచ్చి, పని అయ్యాక కూడా తెలుగు మాటల కోసం కూర్చునేవాడు. వయసులో బుల్లెట్ నడిపినవాడు. ఫోను చేస్తే ఆదివారం పొద్దున బస్సెక్కి వచ్చేశాడు.

నేను మళ్లీ కిక్కు మీద కాలు పెట్టబోతే ఆపాడు. "కొట్టకు బిడ్డా. ఎముక పట్టుకపోయినోన్ని చెయ్యి గుంజి లేపుతవా?" ప్లగ్గు విప్పి, ఆ రంధ్రంలోంచి సగం డీజిలు సగం ఇంజనాయిలు కలిపి పోశాడు. నాలుగు రోజులు ముట్టుకోవద్దన్నాడు. ఆ తర్వాత రోజూ పొద్దున టాప్ గేర్‌లో వేసి వెనక చక్రాన్ని ముందుకూ వెనక్కూ మెల్లగా ఊపమన్నాడు. బలం వాడొద్దు, ఊపడమే. నేను ఆఫీసుకు పోయే ముందు పది నిమిషాలు ఊపేవాణ్ణి. మా ఆవిడ గిన్నె చేత్తో పట్టుకుని వచ్చి, "జోల పాడుతున్నారా?" అని అడిగేది. ఆరో రోజు చక్రం అంగుళం కదిలింది. ఏడో రోజు లోపల ఏదో నిట్టూర్చినట్టు చప్పుడై పిస్టన్ జారింది. ఆ రోజు బ్రాంచిలో ఎవరు ఏమడిగినా నవ్వుతూనే ఉన్నాను.

పాత ఆయిలు దించితే పాలు కలిపిన కాఫీలా వచ్చింది, అంటే నీళ్లు చేరాయి. క్లచ్ ప్లేట్లు ఒకదానికొకటి అతుక్కుపోయాయి, విప్పి ఒక్కొక్కటే రుద్దాం. ట్యాంకుకు మాత్రం రెండు రోజులు పట్టింది. గుప్పెడు నట్లు, రెండు సీసాల వెనిగర్ పోసి, నేనూ మా అబ్బాయీ ఒడ్ల చేటలా ఊపాం. తుప్పు ఎర్రగా దిగింది. వంటసోడా నీళ్లతో కడిగి, మా ఆవిడ జుట్టు ఆరబెట్టుకునే మిషనుతో ఆరబెట్టాం. ఆ మిషను ఇప్పుడు పని చేయడం లేదు. ఆ లెక్క ఇంకా తేలలేదు. పెట్రోలు పైపు కూడా మార్చాం. ఇప్పుడు పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ కలుస్తోంది, పాత రబ్బరు దాన్ని తట్టుకోదు.

కార్బురేటర్ దగ్గర కాక గొప్పతనం చూశాను. సన్న జెట్టు పూర్తిగా పూడిపోయింది. నేను గుండుసూది తెచ్చాను. నా చెయ్యి మీద కొట్టినంత పని చేశాడు. ఇనుము పెడితే రంధ్రం పెద్దదైపోతుంది, ఇక బండి తాగుడుకు పడుతుంది. జేబులోంచి ఒక చిన్న కండె తీశాడు. మగ్గం మీద వాడే నైలాన్ పోగు, మనం పట్టి చూస్తే తప్ప కనబడదు. దాన్ని జెట్టులో దూర్చి అటూ ఇటూ లాగాడు. రంధ్రంలోంచి వెలుగు కనబడింది. "చీరెలు నేసిన పోగు, నీ బండికి పనికొచ్చింది" అన్నాడు. కాంటాక్టు పాయింట్లు తుడిచి, చివరగా శుభ్రమైన కాగితం మధ్యలో పెట్టి లాగాలి. నేను విత్‌డ్రాయల్ ఫారం చింపి ఇచ్చాను. ఆడిటర్లెవరైనా ఉంటే క్షమించాలి.

తొట్టి తిరిగి కట్టడం ఇంకో విద్య. తొట్టి చక్రం బండి చక్రాలకు సరిగ్గా సమాంతరంగా ఉండకూడదు. ముందు వైపు కాస్త లోపలికి, మా బండికి ఇరవై మిల్లీమీటర్ల దాకా, వాలి ఉండాలి. బండి కూడా తొట్టికి అవతలి వైపుకు ఒక డిగ్రీ వంగినట్టుండాలి. అప్పుడే తిన్నగా పోతుంది. రెండు పొడవాటి అల్యూమినియం గొట్టాలు చక్రాలకు ఆనించి, దారం కట్టి కొలిచాం. నాలుగుసార్లు విప్పి నాలుగుసార్లు బిగించాం.

జనవరి మొదటి వారం. సూరత్ చలి పెద్ద చలేం కాదు. కానీ తెల్లవారుజామున పద్నాలుగు పదిహేను డిగ్రీలకు దిగితే ఆయిలు చిక్కబడుతుంది, పెట్రోలు ఆవిరి కాదు, మంచు పాయింట్ల మీద చెమ్మ పెడుతుంది. పన్నెండో తేదీ పొద్దున నలభై కిక్కులు కొట్టాను. ఒక్కసారి దగ్గింది, అంతే. మోకాలు వాచింది. కాక గోడ మీద కూర్చుని పోంక్ తింటున్నాడు. పోంక్ అంటే మన ఊచబియ్యమే, పచ్చజొన్న కంకులు కాల్చి రాల్చినవి. ఇక్కడ నిమ్మరసం సేవ్‌తో తింటారు. "నీ బాపు ఎట్ల కొట్టెటోడు?" అని అడిగాడు.

గుర్తు తెచ్చుకున్నాను. బాపు ఎప్పుడూ ఆవేశంగా కొట్టేవారు కాదు. తాళం తిప్పి, హెడ్‌లైటు పైనున్న అమ్మీటరు ముల్లు చూస్తూ కిక్కును మెల్లగా దించేవారు. ముల్లు మైనస్ వైపు పోయి తిరిగి సున్నాకు వచ్చే చోట ఆగేవారు. డీకంప్రెషన్ లీవరు పట్టి ఇంకొంచెం దించి, వదిలి, అప్పుడు ఒక్క తన్ను. నేను అలాగే చేశాను. రెండో తన్నుకు అందుకుంది. ఆ డుగ్ డుగ్ శబ్దానికి పక్కింటి పైకప్పు మీది పావురాలన్నీ లేచాయి. కాక లేచి, రాకర్లకు ఆయిలు పోయే పైపు బోల్టు సగం విప్పి, ఆయిలు చెమర్చడం చూసి బిగించాడు. నా సంతోషం చూడకుండా ముందు అది చూశాడు.

బాపు, చెల్లె పదమూడో తేదీ, భోగి నాడు దిగారు. చెల్లె కర్రల మీద నడుస్తూ, గేటు తీయగానే బండి వైపు చూసి నా వైపు చూసింది. బాపు చెప్పులు విడవకుండానే బండి దగ్గర కూర్చున్నారు. ట్యాంకు తడిమారు. తొట్టి చక్రం తిప్పారు. వేలితో టైరు మీద గీరారు. కొత్త టైరుకు సన్నటి రబ్బరు వెంట్రుకలు ఉంటాయి చూడండి, అవి ఇంకా నిలబడే ఉన్నాయి. నలభై ఏళ్లు దొంగనోట్లను వేలి కొనతో పట్టుకున్న మనిషి.

"వారం వారం నడిపినవు కదా" అన్నారు.

నేను మా ఆవిడ, పిల్లల ముందే చెప్పేశాను. నడపలేదు బాపూ. ఆరేళ్లు గోడకు నిలబెట్టాను. అన్నీ అబద్ధాలే చెప్పాను.

ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. తొట్టి అడుగున కొత్తగా వేసిన రేకును చూస్తూ ఉన్నారు. "నన్ను కూడ గిట్లనే అడుగుతవా వారం వారం, తిన్నవా అని?" అన్నారు. దానికి నా దగ్గర జవాబు లేకపోయింది, ఇప్పటికీ లేదు. చెల్లె మధ్యలో వచ్చి, "బాపూ, మాట్లాడింది చాలు, ఎక్కించు" అంది.

రోడ్డెక్కలేదు. రిజిస్ట్రేషన్ గడువు దాటింది, గుజరాత్‌కు మార్పించనూ లేదు. యాభై ఏళ్లు దాటిన బండ్లకు 2021 నుంచి వింటేజ్ రిజిస్ట్రేషన్ ఇస్తున్నారు. నంబరులో 'వీఏ' అని వస్తుంది, కొత్తగా తీసుకోవాలంటే ఇరవై వేలు ఫీజు, పదేళ్లు చెల్లుతుంది, కానీ రోజువారీ తిరగడానికి వీల్లేదు. ఆ దారిలో పోవాలా, మామూలుగా రెన్యువల్ చేయించాలా అని ఇంట్లో చర్చ నడుస్తోంది. గడువు దాటిన కాగితంతో బ్యాంకువాడు రోడ్డెక్కితే బాగుండదు కాబట్టి కాంపౌండులోనే తిప్పాను. పైగా మర్నాడు ఉత్తరాయణ్, మాంజా భయం. మెడ తెగకుండా అందరూ హ్యాండిల్‌కు వంచి కట్టుకున్న తీగలు చూసి బాపు, ఇదేం ఆచారమని అడిగారు.

చెల్లెను ఇద్దరం పట్టి తొట్టిలో కూర్చోబెట్టాం. కాలిపర్లు చాపితే ముందు రేకుకు తగిలాయి. "అప్పుడు ఇంత జాగ ఉండె, ఎవడు దీన్ని చిన్నగ చేసిండు?" అంది. మా అబ్బాయి పోలియో గురించి అడిగితే, "2014లో మన దేశంల లేదని సర్టిఫికెట్ ఇచ్చిండ్రు. ఇగ నా మోడల్ తయారు కాదు. నేనూ వింటేజే" అని నవ్వింది. బాపు వెనక సీటు ఎక్కారు, నా పాత జాగా. కాంపౌండు చుట్టూ ఏడు రౌండ్లు కొట్టాం. ఎడమ మలుపులో తొట్టి కాస్త లేవబోతే వెనక నుంచి నా భుజం నొక్కారు. ఆయన వేళ్లు గట్టిగానే ఉన్నాయి.

దిగాక ఒకటే మాట అన్నారు. "టాపెట్ల చప్పుడు ఎక్కువున్నది."

సంక్రాంతి పొద్దున ఆరింటికి లేపారు. ఇంజను చల్లగా ఉన్నప్పుడే టాపెట్లు పెట్టాలట. మూత విప్పించి, పుష్‌రాడ్‌ను రెండు వేళ్లతో పట్టి తిప్పి చూపించారు. తేలిగ్గా తిరగాలి, పైకీ కిందికీ ఆడకూడదు. మొదటిదానికి ఆయన స్పానరు పట్టారు, నేను టార్చి పట్టాను. రెండోదానికి స్పానరు నా చేతికిచ్చి టార్చి ఆయన తీసుకున్నారు. అప్పటికే మేడల మీద పిల్లలు ఎక్కి "కాయ్‌పో ఛే" అని అరుస్తున్నారు. ఆ ఆదివారం బాపు ఇక్కడే ఉన్నారు కాబట్టి ఫోను రాలేదు. మొన్న ఆదివారం వచ్చింది. బండి తీయలేదని చెప్పాను. వాన పడ్డదా అని అడిగారు. జనవరిలో వానేమిటి బాపూ, బద్ధకించానన్నాను. సాయంత్రం మళ్లీ చేస్తానని పెట్టేశారు. ఆయన చేసేలోపు వెళ్లి రెండు రౌండ్లు కొట్టి వచ్చాను.