ఉదాహరణలు చాలవు, నిరూపణ కావాలి
(ప్లాటినం జూబిలీ సభలో ప్రధానోపాధ్యాయిని ప్రసంగపాఠం)



లెక్కల తరగతిలో మనం పట్టుబట్టి నేర్పే నిరూపణ కంప్యూటరు రంగంలో ఎంత అవసరమో నాలుగు మాటలు మనవి చేస్తాను.

రుసుముల పుస్తకం ఒకటి, వ్రాసే గుమాస్తాలు ఇద్దరు అనుకొందాం. నిల్వ 100 రూపాయలు. ఇద్దరూ ఒకేసారి ఆ అంకెను చూచి, చెరి 10 కలిపి, 110 అని వ్రాస్తారు. ఉండవలసినది 120. రెండు ప్రోగ్రాములు ఒకే మెమరీని ఏకకాలంలో వాడినప్పుడు వచ్చే చిక్కు ఇదే. కనుక ఒకరు వ్రాస్తుండగా మరొకరు ఆగే కట్టుబాటు కావాలి. 1965లో డచ్చి శాస్త్రజ్ఞుడు డైక్‌స్ట్రా అట్టి పద్ధతిని నిరూపణతో సహా ప్రకటించారు. మరుసటి ఏడు హైమన్ అనే ఆయన ఇద్దరికి సరిపోయే సులభమార్గం ప్రచురించారు.

అందులో వంతు ఎవరిదో తెలిపే పలక ఒకటి ఉంటుంది. వంతు తనదైతే నేరుగా పుస్తకం తెరవవచ్చు. కానిచో, ఎదుటివారికి పుస్తకంతో పని లేదని చూచుకొని, పలకపై తన పేరు వ్రాసి తెరవాలి. చూపుకు నిర్దుష్టమే. కాని పలకపై మొదటివారి పేరుండగా, వారికి పని లేదని రెండవవారు చూచుకొన్నారు. పేరు మార్చబోయే క్షణంలో మొదటివారు వచ్చి, వంతు తమదే గనుక పుస్తకం తెరిచారు. రెండవవారు పేరు మార్చి తామూ తెరిచారు! ఈ లోపాన్ని 1966లోనే డొనాల్డ్ నూత్ ఎత్తిచూపారు.

వేయిసార్లు నడిపినా ఇట్టి తప్పు కనబడకపోవచ్చు. కనబడిననాడు ప్రాణాలే పోవచ్చు. 1985-87 మధ్య అమెరికా, కెనడాలలో థెరాక్-25 అనే వికిరణ చికిత్సాయంత్రం ఆరుగురు రోగులకు మితిమీరిన మోతాదునిచ్చింది, కొందరు మరణించారు. కారణాలలో ఈ జాతి లోపమూ ఉంది.

కనుక సాధ్యమైన ప్రతి వరుసనూ పరిశీలించాలి. ఇద్దరు మూడేసి అడుగులు వేస్తే వరుసలు 20. పదేసి వేస్తే 1,84,756. ఈ పరిశీలనను యంత్రమే చేసే పద్ధతిని రూపొందించిన క్లార్క్, ఎమర్సన్, సిఫాకిస్‌లకు 2007వ సంవత్సరపు ట్యూరింగ్ పురస్కారం లభించింది.

'జవాబు సరిగానే వచ్చిందిగా, మార్కులెందుకు తగ్గించారు?' అని తల్లిదండ్రులు అడుగుతుంటారు. జవాబు ఆ ఒక్క లెక్కకే. సోపానాలు అట్టి లెక్కలన్నింటికీ. తెలుగులో చదివితే ఇట్టి విద్యలు అందవన్న శంకా వినబడుతుంది. ఇంతసేపూ మనం చెప్పుకొన్నది తెలుగులోనే. 'ఎల్లప్పుడూ ఇంతేనని ఎలా చెప్పగలవు?' అని ఇంటివద్ద మీ పిల్లలను మన భాషలోనే అడగండి. బదులు చెప్పగల బిడ్డ ఏ విద్యలోనూ వెనుకబడదు.