ఎర్ర దీపం వెలుగుతూనే ఉంది
(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన సంఘం ఆఫీసులో కంప్యూటరు వారానికి రెండుసార్లు హ్యాంగవుతోందట. "మీరు రేడియోలూ కంప్యూటర్లూ విప్పినవారు గదా, నాలుగు ముక్కలు చెప్పండి" అన్నారు కార్యదర్శిగారు. నాకు తెలిసిందంతా దెబ్బలు తిని తెలుసుకున్నదే. వాటిలో ఒక దెబ్బ నాకు కాదు, ఇంకొకరికి తగిలింది. అది చెబుదామనే ఒప్పుకున్నాను.

హైదరాబాదులో గుమాస్తాగా ఉన్నప్పుడే పరీక్ష రాసి హ్యామ్ రేడియో లైసెన్సు తీసుకున్నాను. మాటలతో తృప్తిపడక, 1990ల్లో ప్యాకెట్ రేడియోలో దిగాను. మనం టైపు చేసిన అక్షరాలను కంప్యూటరు చిన్న చిన్న పొట్లాలు కడుతుంది. ప్రతి పొట్లం మీద పంపేవారి కాల్‌సైను, అందుకునేవారి కాల్‌సైను ఉంటాయి. మోడెమ్ వాటిని 1200, 2200 హెర్ట్జ్‌ల రెండు కూతలుగా మారిస్తే, సెట్టు 144 మెగాహెర్ట్జ్ పైన గాలిలోకి వదులుతుంది. పొట్లం చెడకుండా అందితే అవతలినుంచి రశీదు వస్తుంది, రాకపోతే మళ్ళీ పంపుతుంది. మన రిజిస్టర్డ్ పోస్టు పద్ధతే. వేగం సెకనుకు 1200 బిట్లు. మా మనవడు విని నవ్వాడు. ఊళ్ళో అందరికీ ఒకే ఫ్రీక్వెన్సీ కాబట్టి ఒకరు పంపుతుంటే మిగతావారు ఆగాల్సిందే. ఈ సంగతి కాస్త గుర్తుంచుకోండి.

నాది సెకండ్‌హ్యాండ్ 286 కంప్యూటరు. మోడెమ్ కొనే తాహతు లేక నేనే సోల్డరింగ్ చేసుకున్నాను. అలాంటి చవక మోడెమ్‌తో ట్రాన్స్‌మిటర్‌ను వేసేదీ ఆపేదీ కంప్యూటరే. ట్రాన్స్‌మిటర్ మరీ ఎక్కువసేపు ఆన్‌లో ఉండిపోతే బలవంతంగా ఆపే చిన్న టైమర్ భాగం ఒకటి పటంలో ఉంది. 'ఇప్పటికి ఇది లేకపోయినా నడుస్తుందిలే' అని వదిలేశాను.

1996 నవంబరు 6 రాత్రి కోనసీమను తుపాను ముంచేసింది. వెయ్యిమందికి పైగా పోయారు. ఫోన్లు లేవు. అటునుంచి షార్ట్‌వేవ్‌లో వచ్చిన కబుర్లను మా మిత్రుడొకరు రాసుకుని, ప్యాకెట్‌లో ఊళ్ళోని మాకందరికీ పంపేవారు. మా ఆఫీసు అటెండరుది అమలాపురం పక్క పల్లె. తల్లీ పిల్లలూ అక్కడున్నారు. రెండురోజులుగా అన్నం ముట్టలేదు. ఒక రాత్రి మా ఇంటికి తీసుకొచ్చి సెట్టు ముందు కూర్చోబెట్టి, "తెర మీద కొత్త అక్షరాలు వస్తే నన్ను లేపు" అని చెప్పి నిద్రపోయాను.

రాత్రి రెండింటికి ఎవరో తలుపు బాదారు. చూస్తే ఆ మిత్రుడే, చేతిలో చిన్న సెట్టుతో స్కూటరు మీద వచ్చారు. "పదకొండున్నర నుంచీ ఎవడిదో ట్రాన్స్‌మిటర్ ఆగకుండా మోగుతోందయ్యా. వెతుక్కుంటూ వస్తే మీ వీధిలో సిగ్నలు పెరిగింది" అన్నారు. లోపలికి పరుగెత్తాను. తెర బిగుసుకుపోయి ఉంది. సెట్టు వీపు చెయ్యి పెట్టలేనంత వేడి. రెండున్నర గంటలపాటు ఊళ్ళో ఒక్క కబురూ కదలకుండా చేసింది నేను కట్టిన యంత్రమే. అటెండరు మాత్రం కదలకుండా కూర్చున్నాడు. "ఎర్ర దీపం ఎలుగుతానే ఉందండి, కబురు వస్తందేమో అనుకున్నానండి" అన్నాడు.

ఆపి మళ్ళీ బూట్ చేశాం. మిత్రుడు ఇంటికి వెళ్ళి, ఆగిపోయిన కబుర్లన్నీ మళ్ళీ పంపారు. మూడున్నరకు అతని కబురు వచ్చింది. ఇంగ్లీషులో ఉన్నదాన్ని నేనే చదివి చెప్పాను: తల్లీ పిల్లలూ బడిలో క్షేమం, ఇల్లు పోయింది. అది పంపటానికి పదకొండున్నరకే సిద్ధంగా ఉందట. అతను నన్ను ఒక్క మాట అనలేదు. తెల్లవారి మొదటి బస్సు ఎక్కాడు.

ఆ వారమే టైమర్ భాగం వేశాను. ఒక రిజిస్టరు కూడా తెరిచాను. గుమాస్తాకు తెలిసిన వైద్యం అదేగదా! తేదీ, సమయం, అప్పుడు యంత్రం ఏం చేస్తోంది, రిమార్కులు. మూడు నెలల్లో 31 ఎంట్రీలు పడ్డాయి. అంతకుముందు ఎవరినడిగినా వైరస్ అనేవారు. 31లో 22 సార్లు ట్రాన్స్‌మిట్ చేస్తుండగానే ఆగింది. ఏరియల్ సరిగ్గా గది నెత్తిమీద పిట్టగోడకు ఉండటంతో, రేడియో తరంగాలు కీబోర్డు తీగ పట్టుకుని కంప్యూటరులోకి దూరుతున్నాయి. పవరు తగ్గిస్తే హ్యాంగు లేదు, పెంచితే ఉంది. ఏరియల్‌ను దూరంగా నీళ్ళ ట్యాంకు మీదికి మార్చాను, కీబోర్డు తీగను ఫెర్రైట్ రింగుకు నాలుగు చుట్లు చుట్టాను. దాంతో అవి పోయాయి. మరో ఆరు సాయంత్రంపూట కరెంటు రెప్పపాటు పోయి రావడంవల్ల. అప్పు చేసి యు.పి.ఎస్. కొన్నాను. మిగిలిన మూడింటికి కారణం దొరకలేదు. వాటికోసం వాచ్‌డాగ్ పెట్టాను. ప్రోగ్రాము నిమిషానికోసారి "ఉన్నాను" అని సంకేతం ఇవ్వాలి. ఇవ్వకపోతే ఆ సర్క్యూటే రీసెట్ నొక్కుతుంది. మనం లేకపోయినా ప్రోగ్రాము మళ్ళీ మొదలయ్యేలా ఆటోఎక్సెక్ ఫైలులో రాసుకోవాలి, లేకపోతే యంత్రం లేచి ఊరికే కూర్చుంటుంది.

ఇప్పుడు కుర్రవాళ్ళు అరచేతిలో పట్టే రాస్ప్‌బెర్రీ పై మీద ఇదే పని చేస్తున్నారు. దాని చిప్పులోనే వాచ్‌డాగ్ ఉంది గానీ, అది ఆన్‌లో ఉందో లేదో చూసుకోవాలి. చాలామంది చెయ్యరు. రాస్తుండగా కరెంటు పోతే దాని మెమరీ కార్డు చెడవచ్చు, అదొక కొత్త తలనొప్పి.

మన ఆఫీసు కంప్యూటరు విషయానికొస్తే, నేనింకా మూత విప్పలేదు. కార్యదర్శిగారి బల్ల మీద గీతలు కొట్టిన నోటుబుక్కు ఒకటి పెట్టాను. ఆగినప్పుడల్లా తేదీ, టైము, ఎవరు ఏం చేస్తున్నారో రాయండి. ఫ్యాను వేసి ఉందా, పక్కన జిరాక్సు నడుస్తోందా, అది కూడా రాయండి. వచ్చే నెల మొదటి ఆదివారం వచ్చి చూస్తాను.