చూడని సరుకు

సర్వస్తోత్రాలు అల్లాహ్‌కే శోభిస్తాయి.

సోదరులారా! మన పలమనేరు మండీలో టమోటాను కంటితో చూడనిదే ఎవరూ వేలం పాడరు. అదే మనుష్యులు ఏమి తయారుచేస్తుందో తెలియని చిన్న కంపెనీ వాటాలను, వెనుక ఏ ఆస్తీ లేని క్రిప్టో నాణేలను ఫోనులోనే కొంటున్నారు. అస్పష్టత నిండిన బేరాన్ని దైవప్రవక్త (సఅసం) నిషేధించారు. దానినే ‘గరర్’ అంటాము.

వాటా కొనడం స్వతహాగా నిషిద్ధం కాదు; అది లాభనష్టాలలో భాగస్వామ్యం. అయితే హలాల్ అన్న పేరొక్కటే చాలదు. బెంగళూరులో ఐఎంఏ సంస్థ ఆ పేరుతోనే సొమ్ము సేకరించి 2019లో కుప్పకూలగా, వేలాది ముస్లిం కుటుంబాలు పొదుపును కోల్పోయాయి.

కనుక వ్యాపారమేమిటో, లెక్కలేమిటో, అమ్మదలచిన నాడు కొనేవారుంటారో లేదో విచారించండి. భార్యాబిడ్డల హక్కైన ధనాన్ని, అప్పు తెచ్చిన ధనాన్ని పణంగా పెట్టకండి. ఎలా సంపాదించావు, దేనికి వెచ్చించావు అని ప్రళయదినాన అల్లాహ్ ప్రశ్నిస్తాడు. ఆయన మన ధర్మసమ్మతమైన ఉపాధిలో శుభాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.