ఆ చిప్ ఎక్కడుంది?

 

మా ఊళ్లో ఒకాయనకు తుపాకీ లైసెన్సు ఉండేది. ఎన్నికలొస్తే దాన్ని పోలీస్ స్టేషన్‌లో అప్పజెప్పి రసీదు తెచ్చుకునేవారు. ఆయన బీరువాలో ఇంకేముందని మాత్రం ఎవరూ అడిగేవారు కాదు. ఇప్పుడు ఏఐ చిప్‌ల విషయంలో అమెరికాలో నడుస్తున్న వాదన వింటుంటే నాకు ఆ రసీదే గుర్తొస్తోంది.

2022 అక్టోబరులో అమెరికా తన మేటి చిప్‌లు చైనాకు చేరకుండా ఆంక్షలు పెట్టింది. అయినా సర్వర్లు ఒకరి పేరున కొని మరొకరికి చేరవేస్తున్నారన్న ఆరోపణలు ఆగలేదు. 2025 ఫిబ్రవరిలో సింగపూర్‌లో ముగ్గురి మీద కేసు పెట్టింది, సర్వర్లు చివరికి ఎవరికి చేరతాయో సరఫరాదారులకు అబద్ధం చెప్పారనే. మేలో అమెరికా సెనేటర్ టామ్ కాటన్ చిప్ సెక్యూరిటీ బిల్లు తెచ్చారు: ఎగుమతైన చిప్ ఎక్కడుందో తేల్చే ఏర్పాటు ఉండాలని.

తేల్చడమెలా? డేటా సెంటర్ గోడల మధ్య జీపీఎస్ సరిగా అందదు, అందినా దాన్ని ఏమార్చవచ్చు. అందుకే ఒక సర్వర్ ప్రశ్న పంపుతుంది, చిప్ తన రహస్య కీతో సంతకం చేసి బదులిస్తుంది. ఫైబర్‌లో కాంతి మిల్లీసెకనుకు సుమారు 200 కిలోమీటర్లు పోతుంది. ప్రశ్న వెళ్లి బదులు రావడానికి మొత్తం 4 మిల్లీసెకన్లే పట్టిందంటే ఆ చిప్ సర్వర్‌కు 400 కిలోమీటర్ల లోపే ఉంది. కావాలని ఆలస్యం చేయొచ్చు గానీ, కాంతి కంటే ముందు రావడం ఎవరి తరమూ కాదు. పట్టాలు అందుకున్న మీరు మొదటి ఏడాది చదివిన భౌతికశాస్త్రం ఒక చట్టానికి కాపలా కాయడం నాకెంతో ముచ్చటేస్తుంది.

ఇంతవరకూ నేను ఒప్పుకుంటాను. దూరం నుంచి చిప్‌ను ఆపేసే మీట పెట్టాలంటే మాత్రం ఒప్పుకోను. ఆ మీటను దొంగ కూడా వెతికి పట్టుకోగలడు. 2025 జులైలో చైనా అధికారులు చిప్‌ల సంస్థ ఎన్విడియాను పిలిపించి, హెచ్20 చిప్‌లలో దొడ్డిదారి ఉందా అని సంజాయిషీ అడిగారు. లేదని సంస్థ గట్టిగా చెప్పింది. ఆ అనుమానం మనకూ రావచ్చు. 2025 జనవరిలో చిప్‌ల ఎగుమతికి అమెరికా ప్రకటించిన నిబంధనలోని దేశాల వరసల్లో మనది రెండోదిగా ఉండేది, చిప్‌ల సంఖ్యకు పరిమితి ఉన్నది. అదే ఏడాది మేలో ఆ నిబంధనను వెనక్కి తీసుకుంటున్నట్టు చెప్పారు. తుపాకీ ఎక్కడుందో చెప్పమనడం వేరు, బీరువా తాళం ఇమ్మనడం వేరు.

మీలో కొందరు రేపు ఇలాంటి చిప్‌లకు ఫర్మ్‌వేర్ రాస్తారు. ఆ బదులులో వెళ్లే ఒక్కో బిట్ ఎందుకుందో అడగండి. చిరునామా తేల్చడానికి అక్కర్లేనిది కనిపిస్తే, తీసేయమని మీటింగ్‌లోనే చెప్పండి.